బస్సులో పట్టు తప్పనివాణ్ణి, హాల్లో తూలాను: 12 వారాల తాయ్ చీ క్లాసు గురించి

నేను 31 ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాను. కదిలే బస్సులో రెండు చేతులా టిక్కెట్లు, చిల్లర చూసుకుంటూ దేన్నీ పట్టుకోకుండా నిలబడేవాణ్ణి. డ్రైవరు సడన్ బ్రేకు కొడితే సీట్లో కూర్చున్నవాళ్లు ముందుకు తూలేవారు గానీ నేను కదిలేవాణ్ణి కాదు. అందుకే మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, బ్యాలెన్స్ కోసం కమ్యూనిటీ హాల్లో తాయ్ చీ క్లాసులు పెడుతున్నారు, నీ పేరిచ్చేశాను" అంటే నవ్వొచ్చింది. తాయ్ చీ అంటే చైనాలో పుట్టిన, నిదానంగా కదులుతూ చేసే సాధన. కొంచెం ఒళ్లు కూడా మండింది. నిలబడటం గురించి నాకు ఒకరు చెప్పేదేంటి?

కానీ అప్పటికే ఇంట్లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి ప్యాంటు. నిలబడి ప్యాంటు వేసుకోవడం ఎప్పుడు మానేశానో నాకే తెలీదు. "ఈమధ్య మంచం మీద కూర్చుని తొడుక్కుంటున్నారేంటండీ" అని మా ఆవిడ అడిగితే అప్పుడు గమనించాను. రెండోది మెట్లు. కరెంటు పోయిన రాత్రి కిందకి దిగుతూ, మెట్లు అయిపోయాయనుకుని అడుగు వేశాను. ఇంకో మెట్టు ఉంది. ఎడమ చెయ్యి నేలకి ఆనింది. ఎముక విరగలేదు గానీ మూడు వారాలు మణికట్టుకి కట్టుతో తిరిగాను. కట్టు విప్పేశాక అసలు తంటా మొదలైంది. మెట్లు కనబడితే చాలు, కాళ్లు బిగుసుకుపోయేవి. పడతానేమో అన్న భయంతో నడక తగ్గిస్తే కాళ్లలో సత్తువ తగ్గుతుందని, సత్తువ తగ్గితే ఆ భయం నిజమవుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పాడు. సరే, వెళ్లి చూద్దాం అనుకున్నాను.

వారానికి రెండు రోజులు, రోజుకి గంట చొప్పున 12 వారాలు. 24 క్లాసుల్లో 21కి వెళ్లాను. నాకు 67 ఏళ్లు, షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటాను, కళ్లద్దాలున్నాయి. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, నాకు పనికొచ్చింది మీకు పనికొస్తుందో లేదో చూసుకోవడానికి.

మొదటి రోజు చేతులు గాల్లో ఊపిస్తారనుకున్నాను. క్లాసు చెప్పే మేడమ్ స్టాప్‌వాచ్ తీశారు. నాలుగు రకాలుగా నిలబడమన్నారు, ఒక్కొక్కటి 10 సెకన్లు. మొదట పాదాలు రెండూ పక్కపక్కన ఆనించి. తర్వాత ఒక పాదం కాస్త ముందుకి జరిపి, వెనకున్న కాలి బొటనవేలు ముందు పాదం మధ్యలో తగిలేలా. మూడోది ఒకే గీత మీద, ముందు పాదం మడమకి వెనక పాదం వేళ్లు ఆనేలా. నాలుగోది ఒంటికాలి మీద. పక్కన ఒక మనిషి పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. మొదటి రెండూ ఇట్టే అయిపోయాయి. మూడోదానిలో ఆరో సెకనుకి పక్కమనిషి భుజం పట్టుకున్నాను. ఒంటికాలి మీద మూడు సెకన్లు. ఈ మూడో భంగిమలో 10 సెకన్లు నిలవలేకపోతే పడే ప్రమాదం ఎక్కువని లెక్కట. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలవో చూశారు. తొమ్మిది. నా వయసు మగవాళ్లకి 12 కన్నా తక్కువ వస్తే తక్కువ కిందే లెక్క.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బస్సులో నిలబడ్డవాణ్ణి గీత మీద ఎందుకు నిలబడలేకపోయాను? ఆలోచిస్తే తెలిసింది. కండక్టరు పాదాలు ఎప్పుడూ ఎడంగా, కొంచెం ఏటవాలుగా ఉంటాయి. తుంటి సీటుకి ఆనించుకుంటాం కూడా, కాకపోతే ఆ సంగతి మనకే గుర్తుండదు. ఆధారం వెడల్పుగా ఉంటే ఎవడైనా నిలబడతాడు. ఇరుకు చేసి చూడమంటే తెలుస్తుంది. 31 ఏళ్లు నాకొచ్చిన విద్య ఒక్క రకం నిలబడటమే. మెట్టు దిగేటప్పుడు, ప్యాంటు కాలు ఎక్కించుకునేటప్పుడు అది అక్కరకి రాదు.

మా బ్యాచ్‌లో 22 మందిమి. 50 దాటినవాళ్ల నుంచి 78 ఏళ్ల అక్కయ్యగారి దాకా ఉన్నాం. ఆవిడ చేతికర్రతో వస్తారు, ముందు ఒక కుర్చీ వేసుకుని దాని వీపు మీద వేళ్లు ఆనించి చేస్తారు. అలసిపోతే అదే కుర్చీలో కూర్చుని చేతులు మాత్రం తిప్పుతారు. ఎవరూ ఏమీ అనరు. ఈ విషయంలో క్లాసుకి పూర్తి మార్కులు వేస్తాను. నిలబడలేనివాళ్లని ఇంటికి పంపేసే క్లాసు బ్యాలెన్స్ క్లాసు ఎలా అవుతుంది?

మొదటి మూడు వారాలూ నడకే. అవును, నడకే. కుంగ్ ఫూ లాంటిదేదో నేర్పుతారనుకుని వచ్చిన ఇద్దరు రెండో వారానికే మానేశారు. నేనూ మానేసేవాణ్ణే, అమ్మాయి రోజూ ఫోన్ చేసి అడక్కపోతే. ఇప్పుడు చెప్తున్నాను, మొత్తం బ్యాచ్‌లో నాకు బాగా పనికొచ్చింది ఆ మూడు వారాలే. అందుకని అదొక్కటీ కొంచెం వివరంగా చెప్తాను.

మోకాళ్లు రెండూ కాస్త సడలించి నిలబడాలి. బరువంతా కుడికాలి మీదకి తెచ్చుకోవాలి. సగం కాదు, మొత్తం. ఎడమ మడమ దానంతటదే తేలికవుతుంది, లేస్తుంది, దాని వెనకే వేళ్లు లేస్తాయి. ఆ పాదం మెల్లగా ముందుకెళ్లి మడమ నేలకి తాకుతుంది. కానీ బరువు ఇంకా వెనక కాలి మీదే ఉంది. సరిగ్గా ఇక్కడ మేడమ్ "ఆగండి" అంటారు. "ఇప్పుడా పాదం వెనక్కి తీసుకోండి." ఒళ్లు కదలకుండా పాదం వెనక్కి వచ్చేస్తే అడుగు సరిగ్గా వేసినట్టు. తీసుకోలేక ముందుకు తూలామా, "మీరు అడుగు వేయలేదు సార్, అడుగులోకి పడ్డారు" అంటారు.

ఆ మాట విన్న రోజు నాకు మెట్లే గుర్తొచ్చాయి. ఆ రాత్రి నేను చేసింది అచ్చం అదే. కింద నేలుందో లేదో తెలియకముందే ఒంటి బరువంతా ముందు కాలికి అప్పగించేశాను. నడిచేటప్పుడు మనమందరం ప్రతి అడుగుకీ కొంచెం పడుతూ, రెండో కాలితో పట్టుకుంటూ పోతుంటాం. వయసులో ఉన్నప్పుడు ఆ పట్టుకోవడం తడుముకోకుండా జరిగిపోతుంది. ఇప్పుడు ఒక లిప్త ఆలస్యమవుతోంది, అంతే తేడా. తాయ్ చీ వాళ్లు బరువున్న కాలిని నిండు కాలు అని, లేనిదాన్ని ఖాళీ కాలు అని అంటారు. ఏ కాలు నిండుగా ఉందో తెలియకుండా రెండో కాలు ఎత్తకూడదు. మా భాషలో చెప్పాలంటే, చిల్లర చేతికి వచ్చాకే టిక్కెట్టు ఇవ్వాలి.

ఇదంతా చూడటానికి ఏమీ లేనట్టుంటుంది. చేసి చూడండి. పది అడుగులకి తొడలు మండుతాయి. మోకాళ్లు సడలించి, ఒక కాలి మీద మూడు నాలుగు సెకన్లు ఆగి, మళ్లీ రెండో కాలి మీదకి మారడమంటే, పేరుకి నడకే గానీ ఒంటికాలి గుంజీలే. నిదానంగా చేయించేది అందుకే. వేగంగా వెళ్తే ఊపు మనల్ని మోసుకుపోతుంది, కండరానికి పని ఉండదు, తప్పు కూడా కనపడదు.

నాలుగో వారం నుంచి భంగిమలు. మొత్తం ఎనిమిదే నేర్పారు. పేర్లు భలే ఉంటాయి: అడవి గుర్రం జూలు పాయలు తీయడం, తెల్ల కొంగ రెక్కలు విప్పడం, మబ్బుల్లా చేతులు కదపడం, కోతిని తరిమి వెనక్కి రావడం, బంగారు కోడిపుంజు ఒంటికాలి మీద నిలబడటం. పేరు గుర్తుంటే భంగిమ గుర్తుంటుంది. మేడమ్ మొదట్లో ఈ విద్య పుట్టుక గురించి ఒక కథ చెప్పారు. పాము, కొంగ పోట్లాడుకుంటుంటే చూసిన ఒక సన్యాసి కనిపెట్టాడట. కథ బాగుంది. కానీ చరిత్రలో ఆనవాలు దొరికేది చైనాలో హెనాన్ ప్రాంతపు చెన్ కుటుంబం ఊళ్లో, 17వ శతాబ్దంలో. అక్కడిది యుద్ధవిద్యే. ఆ కుటుంబం దగ్గర నేర్చుకున్న యాంగ్ లూచాన్ అనే ఆయన నుంచి యాంగ్ పద్ధతి వచ్చింది. 1956లో చైనా క్రీడల శాఖ ఆ పద్ధతిలోంచే 24 భంగిమల చిన్న వరస తయారు చేయించి జనంలోకి వదిలింది. పార్కుల్లో ముసలివాళ్లు గుంపుగా చేస్తున్నట్టు వీడియోల్లో కనిపించేది ఎక్కువగా అదే. మాకు ఆ 24 కూడా నేర్పలేదు. నాకు అది లోటుగా అనిపించలేదు. 24 గుర్తుపెట్టుకునే టెన్షన్‌లో ఉంటే కాళ్ల సంగతి ఎవరు చూస్తారు?

ఎనిమిదిలో నన్ను ఏడిపించింది కోతి. వెనక్కి నడవాలి. ముందుకైతే మడమ ముందు ఆనాలి, వెనక్కైతే వేళ్లు ముందు ఆని, తర్వాత మడమ దిగాలి. దానికి తోడు ఒక చెయ్యి ముందుకి నెడుతుంటే రెండో చెయ్యి వెనక్కి వస్తుంది. నేను తల తిప్పి వెనక్కి చూసేవాణ్ణి, చూసిన ప్రతిసారీ తూలేవాణ్ణి. ఇంట్లో ఎన్నిసార్లు వెనక్కి అడుగు వేస్తామో ఆ వారం లెక్కపెట్టాను. తలుపు మన వైపుకి తెరిచేటప్పుడు, అలమర పైఅరలోంచి ఏదైనా దించేటప్పుడు, ఎవరైనా ఎదురొస్తే తప్పుకునేటప్పుడు. మామూలు నడక ఎంత నడిచినా ఈ వెనకడుగు అలవాటు కాదు. రోజూ గంట వాకింగ్ చేస్తాను, నాకెందుకు ఈ క్లాసు అనేవాళ్లకి నా జవాబు ఈ కోతే.

నేను పాదాల వైపు చూసుకోవడం గమనించి పక్క కుర్చీ అక్కయ్యగారు, "కాళ్లు ఎక్కడికీ పోవు తమ్ముడూ, ఎదురుగా చూడు. నేల చూసేవాడు నేలకే పోతాడు" అన్నారు. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ అది వైద్యం చెప్పే మాటే. మనం నిటారుగా నిలబడటానికి మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు అందాలట: కళ్లు, లోపలి చెవిలో ఉండే మూడు అర్ధచంద్రాకారపు గొట్టాల్లోని ద్రవం, పాదాలూ చీలమండలూ మోకాళ్ల కీళ్లలోని స్పర్శ. వయసు పెరిగేకొద్దీ పాదాల కబురు మందగిస్తుంది, దాంతో మనం కళ్ల మీద ఎక్కువ ఆధారపడతాం. చీకట్లో కళ్లు పనిచెయ్యవు కాబట్టి పడతాం. తొమ్మిదో వారంలో గోడ పక్కన నిలబెట్టి, ఒక వేలు గోడకి ఆనించి, పది లెక్కపెట్టేదాకా కళ్లు మూసుకోమన్నారు. పాదం లోపల ఒక్కో కండరం చేపలా కదలడం తెలిసింది. బొటనవేలు నొక్కుతుంది, చిటికెనవేలు వదులుతుంది, మడమ సర్దుకుంటుంది. ఇంత పని నా పాదం చేస్తుందని 67 ఏళ్లలో నాకు తెలీదు.

బూట్ల సంగతి ఇక్కడే చెప్పాలి. నేను మెత్తటి లావు సోలు వాకింగ్ బూట్లతో వెళ్లాను. మేడమ్ ఆ సోలుని బొటనవేలితో నొక్కి చూపించారు, స్పాంజిలా లోపలికి పోయింది. "పరుపు మీద నిలబడి బ్యాలెన్స్ ఎలా నేర్చుకుంటారు సార్?" అన్నారు. పల్చటి, చదును సోలు కాన్వాసు బూట్లకి మారాను. ఆ వారమే తేడా తెలిసింది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి మార్చుకోవడం మంచిది.

ఇక బాగోలేనివి.

హాలు నేల నున్నటి పలకలు. క్లాసుకి అరగంట ముందే తడిగుడ్డ పెట్టి తుడిచేవారు. పడకుండా నేర్పే క్లాసులో పడటానికి ఇంత ఏర్పాటు ఎందుకని రెండుసార్లు అడిగాక ముందురోజు రాత్రే తుడవడం మొదలుపెట్టారు. 22 మందికి ఒక్క టీచరు. మూడో వరుసలో నిలబడితే మేడమ్ భుజాలే కనపడతాయి, పాదాలు కనపడవు. నేర్చుకోవాల్సింది పాదాలేమో! ఇంకో చిక్కు, భంగిమ మధ్యలో పక్కకి తిరగ్గానే టీచరు మన వెనక్కో పక్కకో పోతారు, ఎవర్ని చూసి చెయ్యాలో తెలీదు. ఆరో వారంలో పాత బ్యాచ్ వాళ్లని నలుగుర్ని నాలుగు మూలలా నిలబెట్టారు. ఎటు తిరిగినా ఒక తెలిసిన మనిషి ఎదురుగా ఉంటాడు. ఇంత తేలికైన ఉపాయం మొదటి రోజే ఎందుకు చెయ్యలేదో.

వీటన్నిటికన్నా పెద్దది, ఏడో వారం, ఎనిమిదో వారం. మేడమ్ సెలవు పెడితే ఒక కుర్రాడు వచ్చాడు. పోటీలకి వెళ్లే పిల్లాడట. అతను చేస్తుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ మాకు నేర్పడం రాలేదు. "ఇంకా కిందకి, ఇంకా కిందకి" అంటాడు. సరదా పుట్టి నేనూ కిందకి దిగాను. రెండో రోజుకి కుడి మోకాలు వాచింది, రెండు క్లాసులు పోయాయి. మేడమ్ తిరిగొచ్చాక ఒక్క చూపులో తప్పు పట్టుకున్నారు. నా పాదం బయటి వైపు చూస్తుంటే మోకాలు లోపలికి ముడుచుకుంటోంది, పైగా ఆ కాలి మీద బరువుండగానే మెలి తిప్పుతున్నాను. మోకాలు ఎప్పుడూ బొటనవేలు చూపించే వైపే ఉండాలి, వేళ్ల కొసని దాటిపోకూడదు, పాదం తిప్పాలంటే ముందు దాని మీది బరువు తీసెయ్యాలి. ఈ మూడూ తెలియకుండా తాయ్ చీ చేస్తే మోకాళ్లకి మంచి కన్నా చెడే ఎక్కువ. కుర్రాడు ఎత్తు తగ్గించడమే విద్య అనుకున్నాడు.

అతనే ఒకరోజు, "లోపల చీ, అంటే ప్రాణశక్తి, బాగా ప్రవహిస్తే బీపీ మాత్రల అవసరం ఉండదు" అన్నాడు. నాకు వెంటనే కోపం వచ్చింది. పక్కనున్నాయన ఇంటికెళ్లి నిజంగానే ఒక పూట మాత్ర మానేసి, డాక్టరు దగ్గర చివాట్లు తిన్నాడు. చీ అంటే ఏంటో నాకు పట్టలేదు, పట్టకపోయినా క్లాసుకి అడ్డేం రాలేదు. ఊపిరి బిగపట్టకుండా చెయ్యి అని నా భాషలో అర్థం చేసుకున్నాను. కానీ మాత్రల జోలికి వెళ్లడం టీచరు పని కాదు. నిర్వాహకులకి ఈ మాట రాసిచ్చాను.

పడిపోవడానికి అన్ని కారణాలూ కాళ్లలోనే ఉండవని కూడా ఈ క్లాసులోనే తెలిసింది. మాలో ఒకావిడకి మబ్బుల చేతులు చేస్తూ తల తిప్పినప్పుడల్లా గది గిర్రున తిరిగేది. మేడమ్ ఆమెని కూర్చోబెట్టి, డాక్టరుకి చూపించుకున్నాకే రమ్మన్నారు. లోపలి చెవిలో ఉండే సన్నటి కాల్షియం స్ఫటికాలు చోటు తప్పాయట. డాక్టరు ఆమెని పడుకోబెట్టి, తలని ఒక వరసలో అటూ ఇటూ తిప్పితే తగ్గిపోయింది. పది రోజుల్లో తిరిగొచ్చింది. అలాగే లేవగానే కళ్లు బైర్లు కమ్మేవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు, కళ్లద్దాల పవర్ ఎప్పుడో మారినా మార్చుకోనివాళ్లు ముందు ఆ సంగతి చూసుకోవాలి. వాటికి ఏ కోతీ, ఏ కొంగా మందు కాదు.

మరి పడకుండా ఆపుతుందా? మా అమ్మాయి ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, తను చదివి చెప్పిన లెక్కలు ఇవి. అమెరికాలో 70 ఏళ్లు పైబడి, అంతకుముందు పడినవాళ్లో, నడక తడబడుతున్నవాళ్లో 670 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి బ్యాలెన్స్ కోసం మార్చిన ఎనిమిది భంగిమల తాయ్ చీ, ఇంకో గుంపుకి నడక, బలం, బ్యాలెన్స్ కలిపిన వ్యాయామం, మూడో గుంపుకి ఒళ్లు సాగదీసే వ్యాయామం. వారానికి రెండు గంటలు, 24 వారాలు. 2018లో వచ్చిన ఫలితం: ఒళ్లు సాగదీసే గుంపుతో పోలిస్తే తాయ్ చీ గుంపులో పడటాలు 58 శాతం తక్కువ, రెండో గుంపుతో పోలిస్తే 31 శాతం తక్కువ. 58 చూసి నేను ఎగిరి గంతేశాను. అమ్మాయి ఆపింది. రకరకాల అధ్యయనాలన్నీ కలిపి కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ చేసిన 2019 నాటి సమీక్షలో తాయ్ చీ వల్ల తగ్గుదల 19 శాతమేనట, అదీ అంత గట్టి రుజువు కాదట. 58కీ 19కీ మధ్య ఎక్కడో ఉంటుందనుకుంటే నాకు చాలు. నేను గమనించింది వేరే. ఆ 670 మందికి నేర్పింది 24 వారాలు, మా బ్యాచ్ 12 వారాలే. సగం దారిలో దింపేస్తున్నారు. బ్యాచ్‌ని 24 వారాలు చెయ్యమని అడిగాం. హాలు దొరకదంటున్నారు.

నా సొంత లెక్క ఇది. చివరి వారం మళ్లీ స్టాప్‌వాచ్ తీశారు. గీత మీద నిలబడటం 10 సెకన్లు పూర్తి, కొంచెం ఊగాను గానీ ఎవర్నీ పట్టుకోలేదు. ఎడమకాలి మీద 10 పూర్తి, కుడికాలి మీద ఏడు. కుర్చీలోంచి లేవడం 9 నుంచి 13కి వచ్చింది. ప్యాంటు ఎడమకాలి మీద నిలబడి తొడుక్కోగలుగుతున్నాను, కాలు మారిస్తే మాత్రం ఇప్పటికీ గోడకి ఒక వేలు ఆనిస్తాను. ఇందులో తాయ్ చీ వాటా ఎంత, భయం పోయి మళ్లీ బాగా నడవడం వాటా ఎంత, నేను విడదీసి చెప్పలేను. కానీ మెట్లు కనపడితే కాళ్లు బిగుసుకోవడం పోయింది. దిగేటప్పుడు పాదం కింద మెట్టు తగిలేదాకా బరువు పైకాలి మీదే ఉంచుకుంటున్నాను. కొంచెం నిదానమే. వెనక వచ్చేవాళ్లు ఆగుతారు, ఆగనీ.

ఇంటి సాధన గురించి క్లాసులో సరిగ్గా చెప్పలేదు. తొమ్మిదో వారంలో గీతల బొమ్మలున్న ఒక కాగితం ఇచ్చారు, అందులో కొంగకీ కోడిపుంజుకీ తేడా తెలీదు. నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పళ్లు తోముకునేటప్పుడు సింకు అంచుకి దగ్గరగా, గీత మీద నిలబడతాను. లిఫ్టు కోసం ఆగినప్పుడు బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదకి మారుస్తాను, పక్కవాళ్లకి తెలియనంత మెల్లగా. రాత్రి వరండాలో పది అడుగులు కోతిలా వెనక్కి. క్లాసులో గంట కన్నా ఈ చిల్లర సాధనే ఎక్కువ పనిచేసిందేమో అని నా అనుమానం. మానేసిన వారం మళ్లీ తూలు తెలుస్తుంది.

ఐదుకి నాలుగిస్తాను. పోయిన ఒక మార్కులో సగం ఆ రెండు వారాలది, సగం నేలదీ, వరుసలదీ. చెమటలు పట్టి బరువు తగ్గాలనుకునేవాళ్లు ఇక్కడికి రాకండి, విసుగొస్తుంది. యుద్ధవిద్య కావాలంటే వేరే గురువుని వెతుక్కోండి. ఒక్కసారైనా పడినవాళ్లు, పడతామేమోనని అడుగులు చిన్నవి చేసుకున్నవాళ్లు, రైలింగు వదలడానికి భయపడేవాళ్లు రండి. చేరేముందు నాలుగు సంగతులు అడగండి: మొదటి రోజు పరీక్ష చేస్తారా, కుర్చీ ఇస్తారా, ఒక్కో టీచరుకి ఎంతమంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి భంగిమ ఎలా మారుస్తారు. నాలుగోదానికి "ఏం కాదు, చెయ్యండి" అని జవాబొస్తే వెనక్కి వచ్చెయ్యండి, వేళ్లు ముందు ఆనించి.

వచ్చే బ్యాచ్‌కి మళ్లీ పేరిచ్చాను. అక్కయ్యగారు మొదటి వరుసలో తన కుర్చీ పక్కన నాకు చోటు పెట్టి ఉంచుతానన్నారు. మేడమ్ ఈసారి సెలవు పెట్టడం లేదట. రెండుసార్లు అడిగి మరీ తెలుసుకున్నాను.